డీబగ్గర్ అటక మీది సామాను

డీబగ్గర్ చేసే పనుల్లో బ్రేక్‌పాయింట్ కన్నా మామూలుది లేదు, దానికన్నా మాయదారిదీ లేదు. ఇంటెల్ తరహా ప్రాసెసర్ మీద ఒక ఫంక్షన్ మొదట్లో ఆగమంటే, జీడీబీ అనే డీబగ్గర్ అక్కడున్న బైటును, హెక్స్‌లో 55 అనుకుందాం, తీసి దాచుకుని దాని చోట సీసీ అనే బైటు నాటుతుంది. ప్రాసెసర్ దాన్ని తొక్కగానే ట్రాప్ పుడుతుంది, కెర్నల్ ప్రోగ్రామ్‌ను ఆపి డీబగ్గర్‌కు కబురు చేస్తుంది. అప్పటికి ప్రోగ్రామ్ కౌంటర్ ఒక బైటు దాటిపోయి ఉంటుంది. దాన్ని వెనక్కి జరిపి, 55ను యథాస్థానంలో పెట్టి, ఒక్క ఇన్‌స్ట్రక్షన్ నడిపించి, మళ్లీ సీసీ నాటాలి. ఇది ఒక్క ప్రాసెసర్ ముచ్చట. మిప్స్‌లో బ్రాంచ్ వెనకుండే డిలే స్లాట్‌లో ఆగమంటే బ్రేక్‌పాయింట్‌ను బ్రాంచ్ మీదికే జరపాలి. ఐటేనియంలో 128 బిట్ల మూటకు మూడు ఇన్‌స్ట్రక్షన్లు, ఒక్కోటి 41 బిట్లు. ఏ అరలో నాటాలో చూసుకోవాలి.

ఇలా డీబగ్గర్ కోడ్‌లో ప్రాసెసర్‌కో ఫైలు చేరుతుంది. ప్రాసెసర్‌కు కాలం చెల్లినా ఫైలు ఉండిపోతుంది. ఉంటే ఉండనీ, అదేమన్నా తిండి అడుగుతోందా అంటారు. అడుగుతుంది. ఏ బైట్లు నాటాలని ఒకే ఫంక్షన్‌ను అడిగే పద్ధతిని 2016లో జీడీబీ రెండుగా విడదీసింది: ఈ చిరునామాలో ఏ రకం బ్రేక్‌పాయింట్, ఆ రకానికి ఏ బైట్లు. ఆ మార్పు ప్రతి ప్రాసెసర్ ఫైలునూ తాకాల్సి వచ్చింది. పరీక్షించడానికి యంత్రమే దొరకని ఫైలు కంపైల్ అయినంత మాత్రాన పనిచేస్తుందని ఎవరు చెప్పగలరు? తప్పు చోట నాటిన బ్రేక్‌పాయింట్ ప్రోగ్రామ్‌నే పాడు చేస్తుంది. వాడేవాడు తన కోడ్‌లో తప్పు కోసం రోజులు వెతుక్కుంటాడు. చేతకాదని చెప్పే డీబగ్గర్‌తో బతకొచ్చు గానీ, అబద్ధమాడే దానితో కష్టం.

అలాంటి ఫైలును తీసేశాక, ఆ యంత్రం ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే? ఇది న్యాయమైన ప్రశ్నే. జీడీబీ పాత విడుదలలు ఇప్పటికీ దొరుకుతాయి, పాత యంత్రానికి పాత డీబగ్గర్ సరిపోతుంది. అసలు వయసు ఇక్కడ కొలత కాదు, పూచీ పడే మనిషి కావాలి. ఐటేనియంను లైనక్స్ కెర్నల్ 6.7లో తీసేసింది. జీసీసీ కంపైలర్ 14లో దానికి కాలం చెల్లిందని ప్రకటించారు, చూసుకుంటానని ఒకరు ముందుకొచ్చాక 15లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. నన్నడిగితే కెర్నల్ తీసేయడమూ, జీసీసీ ఉంచుకోవడమూ రెండూ సబబే.

కోడ్ తీసేస్తే దానితో నేర్చుకున్నదీ పోతుందన్న బెంగకు సెల్ ప్రాసెసర్ కథ జవాబు చెబుతుంది. ప్లేస్టేషన్ 3లో వాడిన ఈ చిప్‌లో పవర్‌పీసీ కోర్ పక్కన ఎస్‌పీయూలనే చిన్న ప్రాసెసర్లు, ఒక్కోదానికి సొంతంగా 256 కిలోబైట్ల మెమరీ. ఒకే ప్రోగ్రామ్‌లో రెండు రకాల ఇన్‌స్ట్రక్షన్లు. ఒక చిరునామా చెబితే అది ఎవరి మెమరీలోదో తెలియదు, అందుకే ఎస్‌పీయూ గుర్తును చిరునామాలోనే ఇరికించారు. ఆ పనిలో భాగంగానే ప్రతి బ్రేక్‌పాయింట్ స్థానమూ తాను ఏ ఆర్కిటెక్చర్‌దో తనే గుర్తుపెట్టుకునే ఏర్పాటు జీడీబీలోకి వచ్చింది. 2020లో వచ్చిన జీడీబీ 9లో సెల్ కోడ్ పోయింది, ఈ ఏర్పాటు మాత్రం ఉండిపోయింది. 2023లో జీడీబీ 14 ఏఎండీ జీపీయూలకు మద్దతు మొదలుపెట్టినప్పుడు, సీపీయూ కోడూ జీపీయూ కోడూ ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే ఆ పరిస్థితికి కావలసిన చోటు అప్పటికే సిద్ధంగా ఉంది.