సరుగుడే మన పైన్: మెట్టుగూడలో జపాన్ తోట

జపాన్ తోట వేద్దామనుకున్నవాళ్లు ముందు నర్సరీకి పరిగెడతారు. హైదరాబాదు మెట్టుగూడలో అయితే ముందు మేడెక్కాలి. ఇటు రైల్వే క్వార్టర్ల మధ్య పాతకాలపు వేపచెట్లు, దూరంగా ఈశాన్యాన మౌలాలి గుట్ట, నడుమ 2017 నవంబరు నుంచి మెట్రో నడుస్తున్న వంతెన. క్యోటోలోని ఎంత్సూజి ఆలయ తోటలో ప్రధాన దృశ్యం తోటలోనే లేదు. కంచె అవతల దూరాన ఉన్న హియేయి కొండ అది. ఇలా బయటి దృశ్యాన్ని అరువు తెచ్చుకోవడాన్ని వాళ్లు షక్కేయి అంటారు. పక్కింటి వేపను మనమూ ఆ లెక్కన పైసా ఖర్చు లేకుండా వాడుకోవచ్చు. మెట్రో స్తంభాన్ని మాత్రం ఏదో ఒక గుబురు చాటున పెట్టాలి. ఏది చూపించాలి, ఏది దాచాలి అన్నది తేలాకే మొక్కల సంగతి.

చెర్రీ, జపాన్ మేపుల్ మొక్కలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొనకండి. చెర్రీ మొగ్గ విచ్చాలంటే వారాల తరబడి గట్టి చలి తగలాలి. మన జనవరి దానికి చాలదు. మేపుల్ ఆకులు మన ఏప్రిల్ ఎండకే అంచుల నుంచి మాడతాయి. అయినా జపాన్ తోటలో ప్రతి మొక్కా ఒక పని మీద ఉంటుంది. ఆ పని ఇక్కడ ఏ మొక్క చేయగలదో వెతుక్కోవడమే మన వంతు.

పైన్ సంగతే చూడండి. తోటల్లో మెలికలు తిప్పి పెంచే నల్ల పైన్ అసలు సముద్రతీరపు చెట్టు. ఉప్పుగాలినీ ఇసుకనూ ఆపడానికి జపాన్ వాళ్లు తీరం పొడవునా దాన్ని వరసలుగా నాటారు. 2011 సునామీలో రికుజెన్‌తకత ఊరి ముందున్న సుమారు 70,000 పైన్లు కొట్టుకుపోయి ఒక్కటే నిలబడింది. మనకు ఆ కాపలా కాసేది సరుగుడు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత కోస్తా ఒడ్డున గాలి కాపుకు వేసింది దాన్నే. కాబట్టి హైదరాబాదు పెరట్లో పైన్ పాత్ర సరుగుడుకు ఇవ్వడం సర్దుబాటేమీ కాదు, న్యాయమైన వాటా.

సరుగుడు పుల్ల ఒకటి తుంచి చూడండి. సూదిలా కనిపించేది ఆకు కాదు, కణుపులున్న సన్నని రెమ్మ. అసలు ఆకులు కణుపు చుట్టూ పళ్లచక్రంలా ఉండే చిన్న పొలుసులు. కణుపు దగ్గర లాగి, మళ్లీ అతికించి, ఎక్కడ తెగిందో చెప్పమని తీరప్రాంతపు పిల్లలు ఆడుకుంటారు. ఈ కణుపులే తోటమాలికి గుర్తులు. కొస గిల్లితే పక్కల నుంచి రెమ్మలొచ్చి కొమ్మ గుబురవుతుంది. వానాకాలంలో ఎదుగుదల జోరుగా ఉంటుంది గనుక మాటిమాటికీ గిల్లాలి. కొమ్మకు కొమ్మకూ మధ్య ఆకాశం కనబడేలా లోపలి పుల్లలు తీసేయాలి, కానీ ఏ కొమ్మ మీదా పచ్చదనం పూర్తిగా పోనివ్వకూడదు. వంపు తిప్పడానికి తీగ చుడితే నెలకోసారి చూస్తుండాలి, లేకపోతే బెరడులోకి కోసుకుపోతుంది. వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు దానికి నత్రజని ఇస్తాయి కాబట్టి యూరియా జోలికి పోవద్దు. వదిలేస్తే తాటిచెట్టంత అవుతుంది, తలను ఆరేడు అడుగుల దగ్గరే ఆపాలి.

చెర్రీ అందమంతా రాలడంలో ఉంది. ఆ పని మనకు పారిజాతం చేస్తుంది. రాత్రి పూసి తెల్లారేసరికి నేలంతా పరుస్తుంది. నేల మీది పువ్వు పూజకు పనికిరాదనే మనవాళ్లే దీనికి మినహాయింపు ఇచ్చారు. దాని కింద నేలను ఊడ్చి నున్నగా ఉంచితే చాలు, ఇంకేమీ నాటక్కర్లేదు. మేపుల్ ఎరుపు కావాలంటే మామిడి లేత చిగురుంది, చిన్న జాగాలో కుండీలో పెంచిన రావి ఉంది. అజేలియా గుట్టల బదులు పొట్టి నూరువరహాలు బోర్లించిన గిన్నెల్లా కత్తిరించండి. వెదురులో గుంపుగా పెరిగేదే తీసుకోండి, పాకేది పక్కింటివాళ్లతో తగువు తెస్తుంది. నాచు సంగతికొస్తే, క్యోటో సైహోజీ తోటలో సుమారు 120 రకాలున్నాయట. మెట్టుగూడ గోడలకు వానాకాలంలో దానంతటదే పడుతుంది, వేసవికి ఎండుతుంది. ఏడాది పొడవునా పచ్చగా కావాలంటే నీడలో మోండో గడ్డి వేసుకోవాలి.

రాళ్ల విషయంలో మాత్రం జపాన్ వాళ్లే మనల్ని చూసి అసూయపడాలి. క్యోటోలోనే ఉన్న రియోవాంజీ తోటలో తెల్ల కంకర మీద ఉన్నవి 15 రాళ్లు, వాటి మొదట్లో కాస్త నాచు. అంతే. 11వ శతాబ్దపు తోటల గ్రంథం సకుతెయికి కూడా రాయి ఏం కోరుతుందో దాన్ని బట్టే నడవమంటుంది. కోట్ల ఏళ్ల గ్రానైట్ గుండ్ల మీద కట్టుకున్న ఊరు మనది. పాత గోడ కూల్చినచోట ఒక రాయి దొరికినా తెచ్చుకుని, మూడోవంతు మట్టిలో పాతండి. పైన పెట్టిన రాయి బరువుగా కనిపించదు. ఎర్ర రంగు ఫైబర్ వంతెన, బొజ్జ బుద్ధుడి బొమ్మ అక్కర్లేదు. ఆ బొజ్జాయన ఎలాగూ చైనా మనిషే. మనలాగే దక్కను పీఠభూమి మీదున్న పుణెలో, ఒకయామాలోని కోరాకుయెన్ స్ఫూర్తితో 10 ఎకరాల తోట వేశారు. అక్కడ కూడా కంటిని ఆకట్టుకునేవి ఎత్తుపల్లాలు, నీళ్లు, పచ్చిక.

నాటడంలో ఒక మెళకువ ఉంది. నగరంలో అమ్మే మొక్కల్లో చాలావరకు కడియం నర్సరీల నుంచి వచ్చేవే, వేళ్ల చుట్టూ జిగట బంకమట్టి ముద్దతో. దాన్ని అలాగే మన ఎర్రమట్టి, మొరం గుంతలో దించితే నీళ్లు చుట్టూ జారిపోతాయి, ముద్ద లోపల ఎండి రాయవుతుంది, వేళ్లు బయటికి రావు. నాటేముందు ముద్దను నీటి తొట్టిలో నానబెట్టి, పై పొరను వేళ్లతో మెల్లగా రాల్చాలి. సరుగుడు వేళ్లను మరీ కెలక్కూడదు, అంచులు వదులైతే చాలు. జూన్ చివర, రెండు మంచి వానలు పడ్డాక నాటితే మంచిది. కత్తెర మాత్రం మొదటి ఏడాది పట్టొద్దు.