అడుసు తొక్కిన ఇళ్లు

కాచిగూడ స్టేషన్ 1916 నాటిది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ 1939లో ప్రారంభమైంది. రెంటినీ చూడ్డానికి జనం వస్తారు, ఫొటోలు తీసుకుంటారు. క్యాంపస్ పక్కనే ఉన్న మాణికేశ్వరి నగర్‌ను చూడ్డానికి ఎవరూ రారు. దానికి వడ్డెర బస్తీ అనే పేరు ఇంకా వాడుకలో ఉంది. రాయి కొట్టడం, బావులు తవ్వడం, చెరువు కట్టలు పొయ్యడం వడ్డెరల వృత్తి. పెద్ద కట్టడాల గురించి చాలానే రాసుకున్నాం. కట్టే పని తెలిసిన చేతులు తమ కోసం కట్టుకున్న చిన్న ఇళ్ల గురించి రాసింది తక్కువ. ఆ ఇళ్లలో ఉన్నది పేదరికమేనని తేల్చేశాం. నిజానికి వాటిలో గట్టి శాస్త్రం ఉంది.

ఆ ఇంటికి కావలసిన సరుకు కాళ్ల కిందే దొరుకుతుంది. హైదరాబాద్ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకూ వానకూ చివికి అది మొరం అవుతుంది, ఇంకా చివికితే ఎర్రమట్టి. ఆర్ట్స్ కాలేజీ రాయికీ, పల్లె ఇంటి మట్టిగోడకూ మూలం ఆ బండే.

అయితే ప్రతి మట్టీ గోడకు పనికిరాదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. ఒట్టి ఇసుక నేల మట్టి నిలవదు. బంకా ఇసుకా తగుపాళ్లలో ఉన్న ఎర్రమట్టి కావాలి. పరీక్ష సులువే. తడి మట్టిని ముద్ద చేసి నడుమెత్తు నుంచి జారవిడవాలి. పొడిపొడిగా రాలితే బంక చాలదు. చపాతీలా అతుక్కుపోతే బంక ఎక్కువ. నాలుగైదు ముక్కలైతే సరిపోయినట్టే.

‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్న సామెత ఇక్కడ చెల్లదు. అడుసు తొక్కకుండా ఈ ఇల్లు లేవదు. మట్టిని నానబెట్టి, తరిగిన వరిగడ్డి చల్లి, జిగురు వచ్చేదాకా కాళ్లతో తొక్కుతారు. ఎండేటప్పుడు మట్టి కుంచించుకుంటుంది. ఆ లాగుడును గడ్డి పోచలు పంచుకుంటాయి కాబట్టి పెద్ద పగుళ్లు రావు. నేల తేమ గోడలోకి ఎక్కకుండా అడుగున రాతికట్టు కడతారు. దాని మీద మట్టి ముద్దలు పేర్చుకుంటూ మోకాలెత్తుకు మించకుండా ఒక వరుస పెడతారు. అది గట్టిపడేదాకా పై వరుస మొదలుపెట్టరు. తొందరపడితే కిందిది బరువుకు ఉబ్బి పక్కకు ఒరుగుతుంది. అందుకే ఈ గోడ వారాల పని. మందం అడుగుకు తగ్గదు. పగటి ఎండ ఆ మందాన్ని దాటి లోపలికి రావడానికి గంటలు పడుతుంది. అప్పటికి బయట పొద్దుగూకి చల్లబడుతుంది.

గోడల మీద దూలాలు, వాసాలు, వాటికి అడ్డంగా వెదురు బద్దలు, ఆపైన గూన పెంకు. ఈ పెంకు తయారీ చూడదగ్గది. కుమ్మరి సారె మీద, ఒక కొస సన్నబడే గొట్టాన్ని లాగి, పచ్చిమీదే నిలువునా రెండుగా చీల్చి, ఆరబెట్టి ఆవంలో కాల్చేవాడు. ఒక వరుస వెల్లకిలా, దాని అంచుల మీద మరో వరుస బోర్లా పేరిస్తే వాన నీరు కాలువ కట్టి చూరుకు చేరుతుంది. వంటింటి పొగ, వేడిగాలి మాత్రం పెంకుల సందుల్లోంచి బయటికి పోతాయి. జల్లు గోడను తాకకుండా చూరు బాగా ముందుకు వస్తుంది. దాని కింద అరుగు. కూర్చునేవాళ్లకు అది చోటు, గోడ మొదలుకు కాపు.

తీరానికి వెళితే ఇంటి రూపు మారుతుంది. విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా పల్లెల్లో కనిపించే చుట్టిల్లుకు గుండ్రటి మట్టిగోడ, శంకువులాంటి తాటాకు కప్పు ఉంటాయి. చూరు వంగి లోపలికి వెళ్లాల్సినంత కిందికి దిగుతుంది. మూలలు లేని గోడను ఒరుసుకుంటూ పెనుగాలి పక్కకు సాగిపోతుంది. అక్కడివాళ్లు తుఫానుకు ఇచ్చుకున్న జవాబు అది. అయితే ఆ జవాబు గాలికే, నీటికి కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు మట్టి గోడలు, తాటాకు కప్పులు మనుషులను కాపాడలేకపోయాయి. తుఫాను ఆశ్రయాలు కాంక్రీటుతో కట్టడం న్యాయమే. తాటాకు కప్పుకు నిప్పు భయం కూడా ఎప్పుడూ ఉన్నదే.

మట్టి ఇంటి అసలు విలువ కట్టిన తర్వాతే తెలుస్తుంది. వానాకాలం ముందు పెంకులు సర్దుతారు. పండగ ముందు గోడలకు మట్టిపూత, సున్నం, అడుగున జాజు, నేలకు పేడ అలుకు. పగులు కనిపించిన రోజే గుప్పెడు మట్టితో పూడుతుంది. మేస్త్రీ కోసం ఎదురుచూడక్కర్లేదు, అప్పు చెయ్యక్కర్లేదు. అయితే ఈ చాకిరీలో పెద్ద వాటా ఆడవాళ్ల నడుము మీదే పడిందని కూడా చెప్పుకోవాలి. శ్లాబు ఇల్లు కావాలని ముందుగా వాళ్లే అడిగితే అందులో తప్పేమీ లేదు. కోతులు పెంకులు పీకేస్తుంటే, కొత్త పెంకు చేసే కుమ్మరి ఊళ్లో లేకపోతే, ఎంత మంచి కప్పయినా నిలవదు.

ఇప్పుడు చిన్న ఇల్లు తెలంగాణ ప్రభుత్వ లెక్కల్లో ఉంది. డబుల్ బెడ్‌రూమ్ పథకంలో ఇంటికి 560 చదరపు అడుగులు ఉండేవి. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు కనీసం 400, సాయం 5 లక్షల రూపాయలు. కొలత చిన్నదే, కట్టే తీరు మాత్రం ఎక్కడైనా ఒకటే: పలచటి గోడ, ఎండకు కాగే శ్లాబు. ఆ శ్లాబు రాత్రంతా వేడి కక్కడమంటే ఏమిటో తార్నాకలో పై అంతస్తు గదుల్లో అద్దెకుండి పోటీ పరీక్షలకు చదివే పిల్లలను అడగండి, చెబుతారు.

తార్నాకలో మట్టి ఇల్లు కట్టమని నేననను. గజం ధర చూసినవాడెవడూ గోడకు అడుగు మందం వదలడు. నగరానికి పనికొచ్చేది సున్నం. డాబా మీద తెల్లటి పూత వేస్తే ఎండ వెనక్కి పోతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ ఇదే. ఆ గదుల్లో చదివే పిల్లల సొంతూళ్లలో మాత్రం స్థలమూ ఉంది, మట్టీ ఉంది. పాత ఇంటి లోపాలకు విరుగుడూ ఉంది. బెంగళూరులో 1974లో మొదలైన ఆస్త్రా కేంద్రం, మట్టిలో కొద్దిపాటి సిమెంటు కలిపి చేతి యంత్రంతో అచ్చు కొట్టే దిమ్మెలకు రూపమిచ్చింది. వీటిని కాల్చే పని లేదు, కట్టెలు తగలెయ్యక్కర్లేదు. కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ ఇటుకలను అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి గోడలు కట్టించాడు. ఇటుక ఆదా అవుతుంది, ఆ ఖాళీ వేడిని ఆపుతుంది.

ఊళ్లో ఇల్లు మొదలుపెట్టబోయేవారు ముగ్గు పోసే ముందు ఒక పూట రాజేంద్రనగర్ వెళ్లండి. అక్కడి జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలోని సాంకేతిక పార్కులో తక్కువ ఖర్చు ఇళ్ల నమూనాలు కట్టి పెట్టారు. గోడను తట్టి చూడండి, మండుటెండలో లోపలికెళ్లి నిలబడండి. మేస్త్రీని వెంట తీసుకెళితే ఇంకా మంచిది. కప్పు కాంక్రీటుతో వేసుకున్నా సరే, గోడలైనా మీ ఊరి మట్టితో లేపండి.