తంత్రీనాదమున గాత్రచ్ఛాయ

ఒక వాదకుని నాదమునకు మూలములేవి యని విచారించునపుడు విమర్శకులు సాధారణముగా ఆయన వినిన విద్వాంసుల పేర్లను వరుసగా పేర్కొని తృప్తి నొందుదురు. రాక్ గిటారు వాదకుల విషయమున ఈ పద్ధతి మఱింత ప్రబలముగా నున్నది. కాని వినిన దంతయు ప్రభావము కాజాలదు. ఒకే సంగీతమును వినిన ఇద్దఱి చేతులలో రెండు వేర్వేఱు నాదములు పుట్టుట లోకానుభవము. తన వాద్యమునందలి కొఱతను తీర్చుకొనుటకై వాదకుడు దేనిని ఆశ్రయించునో అదియే ఆతని నాదమును తీర్చిదిద్దు ప్రభావము. మీటి వాయించు తీగవాద్యముల కన్నిటికిని ఆ కొఱత ఒక్కటియే. మీటిన క్షణముననే స్వరము క్షీణింప నారంభించును. గళమువలె సాగుటకును, వంగుటకును దానికి వ్యవధి చాలదు.

స్వరము జాఱవలసిన ఆవశ్యకత నాందేడు శ్రోతకు క్రొత్త విషయము కాదు. గోదావరీతీరమునందలి ఈ నగరము 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, పిమ్మట బొంబాయి రాష్ట్రమునను, 1960లో మహారాష్ట్రమునను చేరినది. ఈ జిల్లాలోని బిలోలి, దెగ్లూరు, ధర్మాబాదు ప్రాంతముల తెలుగువారికి మరాఠీ అభంగమును, హజూర్ సాహెబు గురుద్వారమునందలి కీర్తనమును చిరపరిచితములు. సిక్కుల గురుగ్రంథము 31 ప్రధాన రాగముల క్రమమున కూర్పబడినది. పూర్వము ఆ కీర్తనమునకు రబాబు, సరందా, దిల్‌రుబా వంటి తంత్రీవాద్యములు తోడుగా నుండెడివి. తరువాత ఐరోపా సంప్రదాయమునుండి వచ్చిన హార్మోనియము ప్రాధాన్యము వహించినది. అది స్వరమును నిలుపగలదు గాని, ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జాఱజాలదు. ఇట్టి ఆక్షేపణలు ప్రబలిన కాలముననే, 1940లో, ఆకాశవాణి దానిని నిషేధించినది. 1971లో ఆ నిషేధము సడలినది. మాండలిను కష్టము ఇంతకంటె ఎక్కువ. స్వరమును నిలుపుటయు, జార్చుటయు రెండును దానికి దుష్కరములే.

గిటారునకును ఈ కష్టము కలదు. రాక్ గిటారునకు ప్రాణప్రదమైన తీగ వంపు అమెరికాయందలి నల్లజాతివారి బ్లూస్ గానమునుండి సంక్రమించినది. బి. బి. కింగ్ (1925–2015) చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము. ఆయన బంధువైన బుక్కా వైట్ తీగలపై గొట్టమును జార్చుచు గిటారుచే పాడింపగలిగిన వాడు. ఆ విద్య కింగుగారి చేతికి పట్టుబడలేదు. అయినను ఆ ధ్వనిని ఆయన మఱువలేదు. వ్రేలితోనే తీగను అదరించి, వంచి, దానికి సమీపమైన నాదమును సాధించిరి. ఎరిక్ క్లాప్టన్ మొదలగు రాక్ వాదకులు ఆయనయొద్ద గ్రహించినది దీనినే. అనుకరణమునందలి వైఫల్యమే ఇచట ఒక శైలికి జన్మకారణమైనది. 1950 ప్రాంతమున వ్యాప్తిలోనికి వచ్చిన గట్టికొయ్య విద్యుత్ గిటారు ఆ వంపునకు కావలసిన వ్యవధిని ప్రసాదించినది. తీగ క్రిందనుండు అయస్కాంతపు చుట్ట ఉక్కుతీగ కంపనమును విద్యుత్తుగా మార్చును. ధ్వనివర్ధకము దానిని పెంచును. బోలుపెట్టెను మ్రోగింపవలసిన పని లేకుండుటచే తీగ శక్తి త్వరగా వ్యయము కాదు.

ఈ విద్యుత్ సాధనమును కర్ణాటక సంగీతమునకు వినియోగపఱచిన తెలుగువారు ఉప్పలపు శ్రీనివాసుగారు (1969–2014). నాందేడు మీదుగా పాఱు గోదావరి సముద్రమును చేరుచోట, డెల్టాలోని పాలకొల్లున ఆయన జన్మించిరి. ఆఱేండ్ల ప్రాయమున తండ్రి సత్యనారాయణగారి మాండలినును చేపట్టిరి. గిటారు వాదకులు వాసురావుగారు ఆయనకు పాశ్చాత్య సంగీతమును పరిచయము చేసిరి. చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు కర్ణాటక సంగీతమున గురువులైరి. సుబ్బరాజుగారికి మాండలిను వాదనము రాదు. వారు పాడెడివారు, బాలుడు దానిని తీగపై పలికించెడివాడు. విమర్శకుడు నిలిచి పరిశీలింపవలసిన ఘట్టమిది. మాండలిను వాదకుడే గురువై యున్నచో ఆతని వ్రేళ్ల అలవాట్లు శిష్యునకు సంక్రమించి యుండెడివి. గాయకుడు గురువగుటచే గళము గమ్యమైనది. అచటికి పోవు మార్గమును శిష్యుడే వెదకికొనవలసి వచ్చినది.

సామాన్యమైన మాండలినునకు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుండును. జంటతీగలను ఒక్కతీరున కదల్చుట కష్టసాధ్యము. శ్రీనివాసుగారు జంటలను విడిచి అయిదు ఒంటితీగల విద్యుత్ మాండలినును స్వీకరించిరి. వీణయందు ఒకే మెట్టుపై తీగను లాగి పైస్వరములను పలికించుట ప్రసిద్ధము. అట్టి గమకములకు ఈ వాద్యమునను అవకాశ మేర్పడినది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమునందును, 1981లో మద్రాసునందును జరిగిన కచేరీలతో ఆయన కీర్తి వ్యాపించినది. పరదేశవాద్యమున రాగమా యని శంకించినవారికి బాలుస్వామి దీక్షితులు చేపట్టిన ఫిడేలు చరిత్రయే సమాధానము. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలును పరదేశవాద్యమని యెవరందురు? ఆ విధముగనే శ్రీనివాసుగారికి విద్యుత్తు గిటారు లోకమునుండి లభించినది. దాని ప్రయోజనమును సుబ్బరాజుగారి గళము నిర్ణయించినది.

ఎదురుదిక్కునుండి వచ్చినవారు జాన్ మెక్‌లాఫ్లిన్. 1942లో ఇంగ్లండునందు జన్మించి, 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాను స్థాపించి, రాక్ తీవ్రతను జాజ్ సంగీతముతో మేళవించిన గిటారు వాదకు లాయన. ఎస్. రామనాథన్‌గారియొద్ద వీణ నభ్యసించిరి. శక్తి బృందమున వాయించుటకై మెట్ల నడుమ కొయ్యను లోతుగా తొలిపించిన గిటారును ఉపయోగించిరి. దానిచే తీగను వంచుటకు సౌలభ్యము కలిగినది. తరువాతి రిమెంబర్ శక్తి బృందమున ఆయనయు, శ్రీనివాసుగారును ఒకే వేదికపై వాయించిరి. ఒకరి వాద్యము వీణదిక్కునకు వంగినది. మఱియొకరి వాద్యము గిటారు సాధనమును ధరించినది. ఇరువురిని కలిపినది సాగి వంగగల స్వరముపై నున్న తృష్ణయే.

అయినను గుణదోషములను రెండింటిని చెప్పుట విమర్శధర్మము. ఈ జంటవాదనములలో వేగము హెచ్చినకొలది గమకము కృశించును. స్వరములు ముత్యములవలె విడివిడిగా దొరలును గాని, వాని నడుమనుండవలసిన దారము కనబడదు. 1995లో కెనడా గిటారు వాదకులు మైకేల్ బ్రూక్‌తో కలిసి వెలువరించిన ‘డ్రీమ్’ సంపుటమున దోషము వేఱు. స్వరమును ఎడతెగక నిలుపు ‘ఇన్ఫినిట్ గిటారు’ను నిర్మించినవారు బ్రూక్‌. యూటూ రాక్ బృందపు గిటారు వాదకులును దానిని వాడిరి. అట్టి ఎడతెగని నాదపు నేపథ్యము చెవికి హాయి గొల్పును. కాని ఊపిరి తీసికొననక్కఱలేని స్వరమునకు గళలక్షణము తగ్గును. శ్రీనివాసుగారి విలంబకాల రాగాలాపనమున వాక్యాంతమందలి విరామము నాదమంత అర్థవంతము. కొఱత పూర్తిగా తీఱినచోట కళకు పని తక్కువ యగునని ఈ రెండింటిని పోల్చి గ్రహింపవచ్చును.

నేడు నాందేడునందలి తెలుగింట బాలుడు గిటారు చేపట్టినచో పెద్దలు కలవరపడ నక్కఱలేదు. ఆతడు ఎవరి రికార్డులను వినుచున్నాడను ప్రశ్నకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. ఆతనికి పాడి వినిపించువారు ఇంటగాని, ఊరగాని ఉన్నారా? ఆ గళము అభంగమునదైనను, గురుద్వారమునదైనను, త్యాగరాజ కీర్తనమునదైనను సరియే. గళము చెవిలో నున్నవాని చేతిలో తీగ ఎన్నడును పరదేశి కాదు.