ఒకే గూల్డ్, రెండు వ్యాసాలు

జోసెఫ్ మిచెల్ న్యూయార్కర్ పత్రికలో జో గూల్డ్ గురించి రెండుసార్లు రాశాడు. 1942 డిసెంబరులో 'ప్రొఫెసర్ సీగల్', 1964 సెప్టెంబరులో 'జో గూల్డ్స్ సీక్రెట్'. మధ్యలో 22 ఏళ్లు గడిచాయి, గూల్డ్ చచ్చిపోయాడు. రెండోదే గొప్పదని చాలామంది అంటారు. నేనూ అంటాను, కానీ నాకొక పేచీ ఉంది.

గడ్డం ఉన్న సర్కస్ స్త్రీ, బోవరీ వీధిలో సినిమా టికెట్లు అమ్మే మేజీ... మిచెల్ ఏరుకునే మనుషులు ఇలాంటివాళ్లు. వాళ్లను ఎవరైనా 'చిన్నవాళ్లు' అంటే అతనికి గిట్టేది కాదు. (మన దగ్గర ఒక మనిషి మీద పెద్ద వ్యాసం రావాలంటే ఆయనకు షష్టిపూర్తన్నా జరగాలి, ఆయన పోయన్నా ఉండాలి.) గూల్డ్ వైద్యుల ఇంటి బిడ్డ, 1911లో హార్వర్డ్ పట్టా పుచ్చుకున్నాడు. అలాంటివాడు గ్రీనిచ్ విలేజ్‌లో ఒకరు విడిచిన కోటు తొడుక్కుని, కనపడ్డవాళ్లనల్లా చిల్లర అడుగుతూ, హోటల్లో బల్లమీది కెచప్ సీసాలు ఖాళీ చేస్తూ బతికాడు. సీగల్ పక్షుల భాష వచ్చనేవాడు, లాంగ్‌ఫెలో పద్యాలను అందులోకి దించాననేవాడు. అన్నిటికీ మించి, జనం నోట విన్న మాటలన్నీ పోగేసి మన కాలపు మౌఖిక చరిత్ర రాస్తున్నాననీ, అప్పటికే 90 లక్షల మాటలయ్యాయనీ చెప్పాడు.

మొదటి వ్యాసం ఆ మాట నమ్మింది. అందులో మిచెల్ తను దాదాపు పక్కకు తప్పుకుని గూల్డ్ చేతనే మాట్లాడించాడు. వాక్యం వాక్యంగా చూస్తే నాకు ఇదే ఇష్టం, ఎక్కడా ఒక్క మాట బరువుగా పడదు. కానీ అది గూల్డ్ అమ్ముకుంటున్న సరుకే. ఆ పుస్తకం పేరు చెప్పి అతను ఏళ్ల తరబడి చందాలు దండుకున్నాడు, మిచెల్ దానికి అచ్చులో రసీదు రాసిచ్చాడు.

రెండో వ్యాసంలో 'నేను' అడుగుపెడుతుంది. మిచెల్ నోటుపుస్తకాలు అడిగి చదివితే తండ్రి చావు గురించిన అధ్యాయమే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. మిగతాదంతా లాంగ్ ఐలాండ్‌లో ఒక కోళ్ల ఫారం నేలమాళిగలో ఉందంటాడు గూల్డ్. ప్రచురణకర్తను కలిపితే తప్పించుకుంటాడు. ఒకరోజు విసిగి నిలదీస్తుండగానే మిచెల్‌కు తట్టింది, పుస్తకమే లేదని. కోపం వచ్చింది, నిలవలేదు. తను కూడా న్యూయార్క్ మీద ఒక పెద్ద నవల రాయాలనుకుని, ఏళ్లపాటు మనసులోనే రాసుకుని, కాగితం మీద ఒక్క మాటా పెట్టలేదు. ఆ సంగతి ఇక్కడే ఒప్పుకుంటాడు. 1957లో గూల్డ్ పోయాక స్నేహితులు రాతప్రతి కోసం వెతుకుతుంటే నోరు మెదపలేదని కూడా. ఇన్నేళ్లూ ఈ మనిషినే ఎందుకు పట్టుకు వేలాడాడో పాఠకుడికి అప్పుడు అర్థమవుతుంది.

ఈ దారి అందరిదీ కాదు. గే టలీజ్ 1966 ఏప్రిల్ ఎస్క్వయిర్ పత్రికలో ఫ్రాంక్ సినాట్రా మీద రాశాడు. జలుబు చేసిన గాయకుడు ఇంటర్వ్యూకు ఒప్పుకోకపోతే చుట్టూ ఉన్నవాళ్లనే పట్టుకున్నాడు. ఆయన విగ్గులు మోసే మనిషి కూడా అందులో కనిపిస్తుంది. తన సొంత గుట్టేదీ విప్పకుండానే సినాట్రాను మన ముందు నిలబెట్టాడు. మిచెల్‌కు అది చాలలేదు. ఆ రెండో వ్యాసం తర్వాత 1996లో చనిపోయేదాకా న్యూయార్కర్ ఆఫీసుకు వెళ్లాడు గానీ మళ్లీ చెప్పుకోదగ్గ కొత్త రచనేదీ అచ్చుకివ్వలేదు.

నా పేచీ ఇది. గూల్డ్‌లో తన అద్దం దొరికాక మిచెల్ అద్దం వెనక ఏముందో చూడలేదు. 2016లో జిల్ లెపోర్ 'జో గూల్డ్స్ టీత్' రాసింది. గూల్డ్ డైరీలు కొన్ని ఉన్నాయని చెప్పింది. అంతకంటే ముఖ్యంగా, హార్లెంలోని నల్లజాతి శిల్పి అగస్టా సావేజ్‌ను అతను ఏళ్ల తరబడి వెంటపడి వేధించాడని బయటపెట్టింది. మిచెల్ రెండు వ్యాసాల్లోనూ ఆమె లేదు. వెర్రివాడూ వేషధారీ అయిన గూల్డ్ ఉన్నాడు, ఒక ఆడమనిషిని భయపెట్టిన గూల్డ్ లేడు. రెండో వ్యాసంలోని జాలి అందుకే కొంచెం చవగ్గా దొరికిన జాలి అనిపిస్తుంది నాకు.

సావేజ్ 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు 16 అడుగుల వీణలాంటి శిల్పం చేసింది. పాడుతున్న నల్లవాళ్లే దానికి తీగలు. ప్రదర్శన ముగిశాక దాన్ని పగలగొట్టేశారు. మనుషుల కోసం ఆ ఊరంతా కాలినడకన తిరిగిన మిచెల్ ఆమె తలుపు మాత్రం తట్టలేదు.