పాలకొల్లు కలం, ఆమ్‌స్టర్‌డామ్ కన్ను

ధర్మపురి బజారులో మామయ్యకు లుంగీ కొనబోతే కొట్టాయన ఒక గళ్ల లుంగీ విప్పి పరిచి, "అసలు సిసలు పాళయకాట్" అన్నాడు. ఆ మాటలో ఉన్నది పులికాట్ ఊరి పేరు. తమిళంలో పళవేర్కాడు, మన పాత తెలుగులో ప్రళయకావేరి. 1610లో డచ్చివాళ్లు అక్కడ దుకాణం పెట్టారు. 1613కల్లా గెల్డ్రియా కోట లేపారు. కోట ఇప్పుడు మట్టిదిబ్బ. శ్మశానం మాత్రం మిగిలింది. దాని వాకిలికి రెండు రాతి అస్థిపంజరాలు కాపలా కాస్తుంటాయి. ఉత్తరాన బందరులో వలందపాలెం ఉంది. ఒలందులు, అంటే హాలండువాళ్లు, వదిలి వెళ్లిన పేరు అది.

ఆ ఒలందుల కాలాన్ని వాళ్ల చరిత్రలో స్వర్ణయుగం అంటారు. రెంబ్రాంట్, వెర్మేర్ బొమ్మలు వేసిన కాలం, లేవన్‌హుక్ నీటిబొట్టులో జీవుల్ని చూసిన కాలం అదే. 1602లో పుట్టిన వాళ్ల తూర్పు ఇండియా కంపెనీకి జాజికాయ, లవంగం కావాలి. అవి పండే దీవులవాళ్లకు వెండి కంటే మన గుడ్డ ముద్దు. కాబట్టి ముందు కోరమాండల్ తీరంలో గుడ్డ కొనాలి, ఆ గుడ్డ పోసి మసాలాలు కొనాలి. పేటపులి (ఇప్పటి నిజాంపట్నం), బందరు, పాలకొల్లు, ద్రాక్షారామం, ఇలా గోదావరి, కృష్ణా డెల్టాల్లో వాళ్ల దుకాణాలు వెలిసింది అందుకే. ఆ ఓడలు గుడ్డలతో ఆగలేదు. కరువు ఏళ్లలో అమ్ముడుపోయిన మనుషుల్ని కూడా పులికాట్ రేవు నుంచి బటావియాకు (ఇప్పటి జకార్తా) మోసుకుపోయాయి. స్వర్ణయుగం అన్నప్పుడల్లా ఈ మాట కూడా నాకు గుర్తొస్తుంది.

ఈ వ్యాసం గుడ్డ గురించి. మనం చీటీగుడ్డ అన్నదాన్ని డచ్చివాళ్లు సిట్స్ అన్నారు. రెండూ ఒకే చింట్ అనే మాట బిడ్డలు. గోల్కొండ రాజ్యంలో కంపెనీ కొలువు చేసిన డానియెల్ హావార్ట్ 1693లో కోరమాండల్ మీద పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. అందులో పాలకొల్లు అద్దకపువాళ్లు కనిపిస్తారు. పని నత్త పాకినట్టు సాగుతుందట. ఓర్పు అనే గుణానికి బొమ్మ గీయదలచినవాడు ఇంకెక్కడా వెతకనక్కర్లేదు, పాలకొల్లు పనివాణ్ణి కూర్చోబెట్టుకుంటే చాలునట. ఇంతవరకు మెచ్చుకోలే. ఆ వెంటనే, మచ్చు ఇస్తే ఉన్నదున్నట్టు దింపుతారు గానీ సొంతంగా ఊహించే బుర్ర వీళ్లకు లేదని తేల్చేశాడు.

ఈ తీర్పు నాకు మింగుడుపడదు. మన ఊరివాళ్లను అన్నాడన్న కోపం కొంత ఉంది, కాదనను. కానీ కోపం పక్కన పెట్టి ఆ గుడ్డ తయారయ్యే తీరు చూసినా ఆ మాట నిలబడదు.

ముందు నేత గుడ్డను ఉతికి, ఎండబెట్టి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచుతారు. కరక్కాయ వగరు రంగును పట్టుకుంటుంది. పాలలోని వెన్న రంగు అంచు దాటి పాకకుండా ఆపుతుంది. కాయితం మీద గీసిన నమూనా గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచి, గుడ్డ మీద పరిచి, బొగ్గుపొడి మూటతో తడతారు. చుక్కల్లో బొమ్మ దిగుతుంది. మచ్చు దించడమంటే ఇంతే. హావార్ట్ చూసి మొత్తం పని ఇదే అనుకున్నది ఈ గంట పని.

తరువాత కలం. వెదురుపుల్లకు ఉన్నిగానీ గుడ్డపేలికగానీ చుట్టి దారంతో బిగిస్తారు. వేళ్లతో ఆ ఉండను నొక్కితే రసం మొనకు జారుతుంది. ఎంత నొక్కితే అంత లావు గీత. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టిన కసింతో గీస్తే, కరక్కాయ తాగిన గుడ్డ మీద ఆ గీత నల్లబడుతుంది. ఇది కంటికి కనిపించే పని కాబట్టి తేలిక.

ఎరుపు దగ్గరే అసలు కథ మొదలవుతుంది. ఎర్రగా రావలసిన చోట పనివాడు ఎరుపు పూయడు. పటిక నీళ్లు పూస్తాడు. పటికకు రంగు లేదు. ఎక్కడ పూశాడో కనబడేందుకు కొందరు అందులో చెక్క నుంచి తీసిన పలచని రంగునీళ్లు కలుపుతారు. అది తరువాత కడుగులో పోయేదే. ముదురెరుపు కావలసిన రేకుకు చిక్కని పటిక, లేతెరుపుకు పలచని పటిక. ఊదారంగు కావాలంటే పటికలో కాస్త ఇనుపరసం. ఇవన్నీ పూసిన గుడ్డను ఒకే కుండలో, ఒకే చిరువేరు కషాయంలో ఉడికిస్తారు. ఒక్క కుండలోంచి ముదురెరుపు, గులాబీ, ఊదా మూడూ వేటి చోటున అవి లేచి వస్తాయి. పూయని చోట అంటిన మరక పేడనీళ్లలో, ఏటి ఒడ్డున ఎండలో పోతుంది. రసాయన శాస్త్రం ఈ సంగతికి పేరు పెట్టకముందే మన పనివాడికి ఇది చేతివాటం.

దీన్ని ఓర్పు అని సరిపెట్టడం అన్యాయం. ఇక్కడ పనివాడు కనిపించని బొమ్మ వేస్తున్నాడు. మూడు వారాల తరువాత కుండలో రేగబోయే రంగును ఇవాళ నీళ్లలా ఉన్న పటికలో చూసుకుంటున్నాడు. ఏ రేకు లేతది, ఏ రేకు ముదురుది అన్న లెక్క గుడ్డ మీద ఎక్కడా కనపడదు. అదంతా అతని తలలో ఉంటుంది.

నీలిమందుది మరో చిక్కు. అది తొట్టిలో ముంచితేనే పట్టే రంగు, కలంతో పూసేది కాదు. కాబట్టి నీలం వద్దన్న చోటల్లా కరిగిన మైనం పూసి మూస్తారు. ముంచి తీశాక మరుగునీళ్లలో మైనం వదలగొడతారు. ఎర్రటి పువ్వులో వెంట్రుకంత సన్నటి తెల్లగీతలు చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఆ తెలుపు పూసిన తెలుపు కాదు. పటిక పూయకముందే మైనంతో గీత గీసి దాచుకున్న ఒట్టి గుడ్డ అది. ఆకుపచ్చ మాత్రం చివరి నిమిషంలో, నీలం మీద పసుపు పూసి తెచ్చుకునేది. ఆ పసుపు చాలా గుడ్డల్లో ఎప్పుడో ఎగిరిపోయింది. అందుకే మ్యూజియాల్లో పాత చీటీల ఆకులు నీలంగా కనిపిస్తాయి. చిరువేరు ఎరుపు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ వేరు తీరపు ఇసుకనేలది. గవ్వలూ చిప్పలూ నలిగి కలిసిన నేలలో సున్నం ఎక్కువ. సున్నం తిన్న వేరుకు ఎరుపు నిండుగా దిగుతుంది. పేటపులి చిరువేరుకు అంత పేరు రావడానికి కారణం అదే.

రంగు విలువ తెలియని జాతి కాదు డచ్చిజాతి. 1662లో రెంబ్రాంట్ వేసిన ఒక గుంపుబొమ్మ ఉంది. నల్లటి దుస్తుల్లో ఐదుగురు పెద్దమనుషులు ఎర్రటి తివాచీ పరిచిన బల్ల చుట్టూ, మచ్చుల పుస్తకం ముందు పెట్టుకుని మనవైపు చూస్తుంటారు. వాళ్లు ఆమ్‌స్టర్‌డామ్ ఉన్నిబట్టల పరీక్షకులు. రంగు సరిగ్గా పట్టిందా లేదా అని చూసి, సీసపు ముద్ర వేయడం వాళ్ల పని. లేవన్‌హుక్ కూడా డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారే. నూలుపోగులు పరీక్షించే భూతద్దం వాడకం అతనికి అంగడిలోనే అలవాటైంది. రెంబ్రాంట్ మొగలు చిత్రాలను ఎదురుగా పెట్టుకుని ఇరవైకి పైగా బొమ్మలు గీసుకున్నాడు. ఆ తరువాత గోల్కొండలో వేయించిన నలభైతొమ్మిది రూపచిత్రాల సంపుటి నికొలాస్ విట్సెన్ అనే ఆమ్‌స్టర్‌డామ్ నగర పెద్ద చేతికి చేరింది. బొమ్మ మెచ్చుకోవడం, నేర్చుకోవడం వాళ్లకు బాగా తెలుసు. మెచ్చుకోలు రూపచిత్రం వరకే వచ్చింది. చీటీగుడ్డ దగ్గరికి వచ్చేసరికి అది సరుకైపోయింది. సరుకు చేసినవాడికి బుర్ర ఉంటుందని లెక్కల పుస్తకంలో రాసుకోవలసిన పని లేదు.

హావార్ట్ పుస్తకం రావడానికి పదిహేనేళ్ల ముందు, 1678లో, ఆమర్స్‌ఫోర్ట్ అనే డచ్చి ఊళ్లో కొందరు కలిసి ఒక కార్ఖానా పెట్టారు. తూర్పు దేశపు పద్ధతిలో నూలుగుడ్డల మీద అచ్చు వేసేందుకు! మచ్చు ముందు పెట్టుకుని దింపడం ఎవరి గుణమో మరి. ఫ్రాన్సు 1686లోనే చీటీగుడ్డను నిషేధించింది. ఇంగ్లండు 1701లో, మళ్లీ 1721లో అడ్డుకుంది. డచ్చివాళ్లు నిషేధం జోలికి పోలేదు. కట్టుకున్నారు, పరుచుకున్నారు, పిల్లల టోపీలు కుట్టించుకున్నారు. మంచం కప్పుకునే పలంపోషుల మీద ఒకే చెట్టుకు పది జాతుల పువ్వులు పూస్తాయి. ఆ చెట్టు ఏ దేశంలోనూ లేదు. మచ్చులో ఉన్నది పువ్వు ఆకారం వరకే అయినప్పుడు రేకు కడుపులో ఆ చుక్కలూ, వలగీతలూ, పొలుసులూ నింపిందెవరు?

ఫ్రీస్‌లాండ్‌లో హిండెలోపెన్ అని ఒకప్పుడు సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు ఉంది. అప్పట్లో ఓడ సరంగుల ఊరు. అక్కడి ఆడవాళ్లు 18వ శతాబ్దంలో కోరమాండల్ చీటీతో మోకాళ్ల కిందికి దిగే పొడుగు అంగీలు కుట్టించుకుని తొడిగేవారు. లేవర్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలో అలాంటివి చూడవచ్చు. పండుగకు ఎర్రపూల అంగీ. ఇంట్లో చావు జరిగితే నీలం, తెలుపు మాత్రమే ఉన్నది. నీలం, తెలుపు గుడ్డకు పటిక అక్కర్లేదు, చిరువేరు కుండ అక్కర్లేదు. మైనమూ, నీలితొట్టీ చాలు. కంపెనీ గుమాస్తా ఎరుపు లేకుండా గుడ్డలు కావాలని అద్దకపు వాడకు వచ్చి చెప్పిన రోజున, ఆ ఆర్డరు ఎందుకో విప్పి చెప్పి ఉండడు. కుంకుమ చెరిపిన నుదుళ్లు చూస్తూ పెరిగిన ఆ పనివాడు అడిగి కూడా ఉండడనుకుంటాను.