ముల్లు ఎవరు జరిపారు?

పోయిన వేసవిలో అల్లాదుర్గం వెళ్లినప్పుడు మా బావగారు ఒక పెద్ద బాధ్యత తెచ్చి నా నెత్తిన పెట్టారు. పాతింటి పైకప్పు విప్పి బాగుచేయించాలి. అందుకు అటక ఖాళీ కావాలి. అటకమీద మా మామగారు పోగుచేసిన గ్రామఫోను ప్లేట్లు రెండు రేకు పెట్టెల నిండా ఉన్నాయి. పట్నంనుంచి పాత సామాను కొనే ఆసామి ఆదివారం వస్తానన్నాడట.

"సదువుకున్నదానివి, కతలు రాస్తవు. ఉంచాల్నా ఇచ్చెయ్యాల్నా నువ్వే చెప్పమ్మా. అయినా గా పద్యాలన్నీ కొత్త రికార్డుల వచ్చినయంట గద!" అన్నారాయన.

నిజమే, వచ్చాయి. పాత రికార్డులకు మళ్లీ రోజులు వచ్చాయి. నాటక పద్యాలను కొత్తగా నల్లటి పెద్ద రికార్డుమీద అచ్చువేసి, మెరిసే అట్టలో పెట్టి అమ్ముతుంటే మావారు ముచ్చటపడి ఒకటి కొన్నారు. కంపెనీ పేరూ, గాయకుడి పేరూ చెప్పను. తప్పు గాయకుడిది కాదు. కంపెనీతో నాకు తగాదా లేదు. ఆ కొత్త రికార్డునూ, మూడు స్పీడ్ల ప్లేయరునూ వెంట తెచ్చుకున్నాం కాబట్టి ఆ సాయంత్రం అరుగుమీద పెట్టి వినిపించాం. ఎంత శుభ్రంగా ఉందో! ఒక్క గరగర లేదు, ఒక్క చిటపట లేదు. బావగారు తలూపారు, మావారు నావైపు గర్వంగా చూశారు.

తలుపు చాటునుంచి మా అత్తమ్మ అన్నారు: "పద్యం ఉరుకుతున్నది బిడ్డా. ముల్లు ఎవరో జరిపిండ్రు."

మావాళ్లు నవ్వారు. నేనూ నవ్వేదాన్నేగాని, అత్తమ్మకు ఈ విషయంలో ఎంత అనుభవం ఉందో నాకు తెలుసు. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో మామగారూ, ఆయన స్నేహితులూ అరుగుమీద కూర్చుని పద్యాలు వినేవారట. ఆడవాళ్లు అరుగెక్కే రోజులు కావు. గ్రామఫోను గడప లోపలే ఉండేది. కీ ఇవ్వడం, సూది మార్చడం, ప్లేటు తిప్పి వేయడం కొత్త కోడలి పని. వినడం మగవాళ్ల పని! కీ అయిపోతే గాయకుడి గొంతు బొంగురుపోయి మూలుగుతుంది. స్పీడు ముల్లు ముందుకు జరిగితే అదే గొంతు సన్నబడి పరుగెత్తుతుంది. అరుగుమీదివాళ్లు కేకేసే లోపలే సవరించాలి. కొన్నేళ్లపాటు ఆ పని చేసిన చెవి అది.

సరే, పరీక్ష పెట్టాం. ముందు ప్లేయరు నిజాయితీ తేల్చాలిగా! రికార్డు అంచున కాగితం ముక్క అంటించి చుట్లు లెక్కపెట్టాం. పాత ప్లేటు నిమిషానికి 78 సార్లు తిరగాలి. కొత్త పెద్ద రికార్డు మూడు నిమిషాలకు సరిగ్గా వంద సార్లు తిరగాలి. రెండూ సరిపోయాయి. అప్పుడు అటకమీదినుంచి అదే పద్యం ఉన్న పాత ప్లేటు దింపి, తుడిచి, వేశాం. మొదటి మాటనుంచి చివరి మాటదాకా గడియారం పెట్టుకుని చూస్తే పాత ప్లేటులో 192 సెకన్లు. కొత్తదానిలో 184.

ఎనిమిది సెకన్లే గదా అనకండి. వేగం నూటికి ఆరు పాళ్లు పెరిగితే శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టు పైకి పోతుంది. ఇక్కడ నాలుగు పాళ్లు పైచిలుకు పెరిగింది. అంటే శ్రుతి ఒక మెట్టుమీదా నిలవలేదు, పై మెట్టుకూ చేరలేదు. భజనవాళ్ల హార్మోనియం తెప్పించి వాయించి చూస్తే పాత ప్లేటు ఒక మెట్టుమీద హాయిగా కూర్చుంది. కొత్తది రెండు మెట్ల మధ్య త్రిశంకు స్వర్గంలో వేలాడింది. గంభీరమైన రాజుగారి గొంతు నూనూగు మీసాల కుర్రవాడి గొంతైంది!

ఎవరో యంత్రంమీదికి ఎక్కించేటప్పుడు వేగం సరిచూడలేదు. ఇంతే జరిగింది. కాని ఆ అశ్రద్ధ ఖరీదు చూడండి. నాటకంలో ఒక్క పద్యానికి ఎంతసేపైనా రాగం తీసిన మనిషి, ప్లేటుకు ఒక వైపున పట్టే మూడు నిమిషాల పైచిలుకులో తన విద్యనంతా కుదించి పాడాడు. మళ్లీ అలా పాడమన్నా పాడలేడు, మనోధర్మం గదా! ఆ మూడు నిమిషాలే మనకు మిగిలిన ఆస్తి. అందులోనూ ఆయన గొంతు మార్చేస్తే ఇంక మిగిలిందేమిటి?

ఇలాంటి మనోధర్మంమీదే బతికే సంగీతం అమెరికాలో నల్లజాతివాళ్లు పుట్టించిన జాజ్. 1917లో మొదటి జాజ్ ప్లేటు వచ్చింది. అదీ మూడు నిమిషాల సంసారమే. మనకు మరీ పరాయిది కాదు కూడా. టెడీ వెదర్‌ఫోర్డ్ అనే పియానో విద్వాంసుడు కలకత్తాలో రికార్డులిచ్చి, 1945లో అక్కడే కన్నుమూశాడు. పాత జాజ్ రికార్డులు పోగుచేసేవాళ్ల చాదస్తం ముందు మన మడి, ఆచారం ఏపాటి! పాట అయిపోయాక మిగిలే నల్లటి ఖాళీ జాగాలో గీసిన అంకెలు భూతద్దం పెట్టి చదువుతారు. అది ఏ అచ్చు, ఎన్నో అచ్చు అని తేల్చుకుంటారు. మొదటి అచ్చే పరమ పవిత్రం, తర్వాత వచ్చినవన్నీ ఎంగిలి అని కొందరి నమ్మకం.

ఆ నమ్మకానికి మైల్స్ డేవిస్ రికార్డు ఒకటి మంచి జవాబు. 1959లో వచ్చిన 'కైండ్ ఆఫ్ బ్లూ' జాజ్‌లో మహా ప్రసిద్ధం. దాని మొదటి వైపున ఉన్న మూడు పాటలు రికార్డు చేసినప్పుడు టేపు యంత్రం కాస్త మెల్లగా నడిచింది. అందువల్ల అచ్చయిన రికార్డులో అవి ఉండవలసినదానికన్నా కాస్త పై శ్రుతిలో వినిపించాయి. ముప్ఫై ఏళ్లకు పైగా లోకమంతా అలాగే విని మురిసింది. 1990లలో మళ్లీ అచ్చువేసినప్పుడు, అదే రోజున మరో యంత్రంమీద పట్టిన టేపు తీసి సరిచేశారు. చూశారా, ఇక్కడ ముల్లు జరిపింది మొదటి అచ్చు. వెనక్కి తిప్పింది కొత్త అచ్చు! పాతదంతా బంగారం కాదు, కొత్తదంతా గిల్టూ కాదు.

చెవులకు కూడా అహంకారం ఉంటుంది. అమెరికాలో మోబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ పాత రికార్డులను ఖరీదైన అచ్చుల్లో తెస్తుంది. అవి పాత టేపునుంచే నేరుగా తీసినవని రసజ్ఞులు మెచ్చుకుని కొన్నారు. చాలా అచ్చుల్లో మధ్యన డిజిటల్ మెట్టు ఒకటి ఉందని 2022లో బయటపడింది. తగువు కోర్టుకెక్కింది. డిజిటల్ పాపమని నేననను. ఆ మెట్టును కనిపెట్టలేకపోయిన బంగారు చెవులను తలుచుకుంటేనే నవ్వొస్తుంది. ధర చీటీ చూసి విన్న చెవి అలాగే వింటుంది. మా అత్తమ్మకు ధర తెలీదు, అట్టమీది అక్షరాలు కనపడవు. అందుకే ఆమెకు పద్యం ఒక్కటే వినపడింది.

ఇక శుభ్రం సంగతి. పాత ప్లేటు లక్క, రాతిపొడి, నల్లరంగు కలిపి చేసిన వస్తువు. గరగర దాని పుట్టుకలోనే ఉంది. కొత్తగా అచ్చువేసేవాళ్లు ఆ గరగర తీసేయడం మంచిదేగాని, ఎంత తీయాలన్నదే పనితనం. గరగర ఉన్నచోటే స, శ, హ లాంటి అక్షరాల గాలీ, గాయకుడు తీసే ఊపిరీ కూడా ఉంటాయి. బియ్యం తెల్లబడాలని మళ్లీ మళ్లీ మర పట్టిస్తే ఏమవుతుంది? ఊకతోబాటు తౌడూ పోతుంది. అన్నం మల్లెపువ్వులా ఉంటుంది, ఒంటికి మాత్రం పట్టదు. మావారి కొత్త రికార్డులో రాగం తీయబోయే ముందు ఆ గాయకుడు ఊపిరే తీసుకోడు! పాత ప్లేటులో గుండెనిండా తీసుకున్నది స్పష్టంగా వినిపిస్తుంది. తర్వాత రాబోయే రాగానికి అదే గదా గుమ్మం.

మూడోది కత్తెర. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు పాట చివర తన పేరు తనే ఇంగ్లీషులో ప్రకటించేది. ప్లేటు అచ్చయ్యేది జర్మనీలో. అక్కడివాళ్లకు ఎవరి పాటో తెలియాలని ఆ ఏర్పాటు అంటారు. కారణమేదైతేనేం, ఆడదాని పేరు బయట వినపడని కాలంలో ఒక స్త్రీ తన పేరు తానే చెప్పుకున్న మాట అది. పాట అయిపోయిందిగదా అని దాన్ని కత్తిరించే అచ్చును నేను క్షమించను. మన రావు బాలసరస్వతీదేవి సంగతే చూడండి. లలిత గీతాలతో ఇంటింటా వినిపించిన ఆ గొంతు, జమీందారీ ఇంటికి కోడలై వెళ్లాక తగ్గిపోయింది. పాడని ఏళ్లను ఎవరూ తిరిగి అచ్చువేయలేరు. పాడిన నిమిషాలనైనా పూర్తిగా ఉంచాలి గదా!

అయితే మా అటకమీది ప్లేట్లన్నీ మాణిక్యాలా? కావు. ఉక్కు సూది ప్రతి ప్లేటుకూ మార్చాలన్నది నియమం. పొదుపరి అయిన మా మామగారు ఒకే సూదితో పది ప్లేట్లు లాగించేవారట. ఆ గాళ్లు అరిగి తెల్లబడ్డాయి. ఘంటసాలగారి 'పుష్పవిలాపం' ప్లేటు విని విని ఎంత అరిగిందంటే, పూలకన్నా ముందు సూదే విలపిస్తోంది. కరుణశ్రీగారి ఆ పద్యాలు మంచి కొత్త అచ్చులో దొరికితే వెయ్యిసార్లు కొంటాను. అరిగిపోయిన ప్లేటును భక్తితో వినడం గాయకుడికి మర్యాద కాదు, మన జ్ఞాపకానికి మర్యాద.

ఆదివారంనాటికి నా తీర్పు తయారైంది. పగిలినవీ, పూర్తిగా అరిగినవీ ఇచ్చేశాం. కొత్త అచ్చు లేనివి ఉంచాం. కొత్త అచ్చు ఉన్నవాటిని రెండూ పక్కపక్కన విని, శ్రుతి నిలిచిందా, ఊపిరి ఉందా, కొస తెగిందా అని మూడు ప్రశ్నలు వేసి తేల్చాం. పట్నం ఆసామి లేబుళ్లు చూసి ధర కడుతుంటే, బావగారు ఒక్కో ప్లేటు పట్టుకుని "అమ్మా, ఇది?" అని అడగడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లలో ఆ పెట్టెల విషయంలో ఆమెను ఎవరైనా ఏదైనా అడగడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం కుర్చీ తెచ్చి అరుగుమీద వేసి అత్తమ్మను కూర్చోబెట్టాం. పద్యం సగంలో ఉండగా ఆమె కంగారుగా నావైపు తిరిగి "కీ అయిపోతున్నదేమో చూడు బిడ్డా!" అన్నారు.

కరెంటు ప్లేయరుకు కీ ఏమిటత్తమ్మా అనబోయి ఊరుకున్నాను. చూసొస్తానని లేచి లోపలికి వెళ్లాను.