గోడ మీద పెన్సిల్ గీతలు

సంక్రాంతికి ముందు సున్నం వెయ్యడానికి వచ్చిన కుర్రాడు వరండాలో ఒకచోట బ్రష్షు ఆపి, "ఈ గీతలేటి మేస్టారూ, పిల్లల పొడుగు కొలిసినవా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ లోపల్నుంచే కేకేసింది: "ఆ పట్టీ ఒగ్గీ బాబూ, అటూ ఇటూ ఎయ్యి." వాడు అలాగే వదిలేశాడు. ఇప్పుడు తెల్లటి గోడ మధ్య మాసిన పట్టీ ఒకటి మిగిలింది. దాని మీద నడుము ఎత్తునుంచి మెట్లు మెట్లుగా పైకెళ్ళే పెన్సిల్ గీతలు, ఒక్కో గీత పక్కన తేదీ. ఎడమ వరుస 2019ది, నా నుదురు దాటి పైకి వెళ్ళింది. కుడి వరుస 2021ది, చెవి దగ్గర ఆగిపోయింది.

నా కుడిచెయ్యి వేళ్ళతో పాక్కుంటూ ఆ గోడ ఎంతవరకు ఎక్కిందో చెప్పే గుర్తులవి. ఒకే భుజానికి రెండు ఆపరేషన్లు అయ్యాయి. పండగ వెళ్ళాక మూడోది. నాకు 63 ఏళ్ళు. జిల్లాకి ఆడినవాణ్ణి కాదు, రాష్ట్రానికి ఆడినవాణ్ణి కాదు. జలంత్రకోట చుట్టుపక్కల ఊళ్ళలో 40 ఏళ్ళు లెక్కలు చెప్పి, సాయంత్రాలు వాలీబాల్ ఆడినవాణ్ణి. ఆడినన్నాళ్ళూ నెట్టు దగ్గర ఎగిరి షాట్ కొట్టడమే నా పని.

మా ఉద్దానం ప్రాంతంలో వాలీబాల్‌కి మైదానం అక్కర్లేదు. రెండు కొబ్బరిచెట్ల మధ్య నెట్టు కడితే కోర్టు అయిపోతుంది. ఇసక నేల కాబట్టి పడ్డా మోకాళ్ళు దోక్కుపోవు. వేటకి వెళ్ళొచ్చినవాళ్ళు, తోటపని ముగించినవాళ్ళు, బడి వదిలిన మాబోటివాళ్ళు పొద్దు వాలేవేళకి అక్కడికి చేరేవాళ్ళం. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో మన వాలీబాల్ జట్టు కంచు పతకం తెచ్చింది. బ్యాడ్మింటన్ సింధు నాన్నగారు పి.వి. రమణ ఆ జట్టులోవారే. ఆ వార్త చదివిన వారం మా కోర్టులో ప్రతివాడూ ఎగిరి కొట్టాలనే చూశాడు. నాకప్పుడు 24.

నెట్టు ఎత్తు 2.43 మీటర్లు, బంతి బరువు పావుకిలో పైచిలుకు. అంత తేలికైనదాన్ని కొడితే భుజం పోతుందని ఎవరనుకుంటారు? భుజాన్ని తినేది బంతి బరువు కాదు, చెయ్యి వేగం. షాట్ కొట్టాక విసురుగా ముందుకు పోయే చేతిని వెనక్కి పట్టి ఆపే పని భుజం వెనకున్న చిన్న కండరాల మీద పడుతుంది. సాయంత్రానికి వంద షాట్ల చొప్పున అన్నేళ్ళూ అవి ఎన్నిసార్లు ఆపి ఉంటాయో తలుచుకుంటే వాటిమీద జాలేస్తుంది.

బడిలో ఆడే చెంచా నిమ్మకాయ పందెం గుర్తుంది కదా. భుజం కీలు అచ్చంగా అదే. చేతి ఎముక తల నిమ్మకాయ అయితే, రెక్క ఎముక చివర ఉండే లోతులేని గుంట చెంచా. తుంటి కీలుకున్నట్టు లోతైన గిన్నె దీనికి లేదు. అందుకే చెయ్యి అన్నివైపులా తిరుగుతుంది, అందుకే నిలకడా తక్కువ. నిమ్మకాయ జారిపోకుండా నాలుగు కండరాలు తమ టెండన్లతో చుట్టూ పట్టుకుని ఉంటాయి. డాక్టర్లు రొటేటర్ కఫ్ అనేది ఆ పట్టునే. వాటిలో పైనున్నది ఎముకల సందులోంచి వెళ్తుంది కాబట్టి ముందు అరిగేది అదే. అరవై దాటిన చాలామందికి అది ఎంతోకొంత చిరిగే ఉంటుంది, నొప్పి లేక తెలియదు.

నాకు తెలిసింది 2018 అక్టోబరులో. 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే మేం నెట్టు కట్టే చెట్లు రెండూ పడున్నాయి. దారికి అడ్డంగా పడిన మానుని నలుగురం కలిసి ఎత్తుతుంటే నా భుజంలో తడిబట్ట చిరిగినట్టయింది. చప్పుడేమీ లేదు, లోపల తెలిసింది అంతే. తాతలనాటి తోట నేలమట్టమైనవాళ్ళు గట్టుమీద కూర్చుని ఏడుస్తుంటే నాకు భుజం నొప్పి అనడానికి నోరు రాలేదు. తైలాలతో, కట్లతో నాలుగు నెలలు గడిపాను. బోర్డు మీద రాయాలంటే ఎడమచేత్తో కుడిమోచేతిని ఎత్తిపట్టుకుని రాసేవాణ్ణి. చివరికి ఎమ్మారై తీస్తే ఆ పై టెండన్ ఎముకనుంచి పూర్తిగా ఊడి ఉంది.

2019 ఫిబ్రవరిలో విశాఖలో మొదటి ఆపరేషన్. చిన్న గాట్లు పెట్టి, కెమెరా పంపి, ఎముకలోకి మేకుల్లాంటి యాంకర్లు దించి, వాటి దారాలతో టెండన్‌ని లాగి కుట్టారు. ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టారు, అంతా ఇంగ్లీషు. ఏది ఎన్నో వారంలో చెయ్యాలి, ఏది ఎందుకు చెయ్యకూడదు అన్నది విడమర్చినవాళ్ళు లేరు. ఆ ఆస్పత్రి మీద నాకు ఇప్పటికీ ఉన్న బాధ అదొక్కటే. కుట్టు బాగానే వేశారు. కానీ దారం టెండన్‌ని ఎముకకి ఆనించి పట్టుకుంటుందే తప్ప అతికించదు. అతుక్కునే పని శరీరం చేసుకోవాలి. దానికి 12 వారాల దాకా పడుతుంది. ఆ అతుకు ఆటకి తట్టుకునేంత గట్టిపడాలంటే ఆరు నెలలు, ఆ పైన కూడా. ఈ నాలుగు మాటలూ ఎవరైనా తెలుగులో కూర్చోబెట్టి చెప్పుంటే నేను ఆ జూన్‌లో కోర్టుకి వెళ్ళేవాణ్ణి కాదు.

జూన్‌కి నాలుగు నెలలు. నొప్పి లేదు, గోడ మీద గీత నుదురు దాటింది. నొప్పి పోతే నయమైనట్టేనని నమ్మాను. పైనుంచి ఒక్క సర్వీస్ వేశాను. బంతి అవతల గీత మీద పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకో పది వేశాను. ఆ రాత్రి పక్కకి తిరిగి పడుకోలేకపోయాను.

నలభై ఏళ్ళ ఆట నాకు నొప్పి ఓర్చుకోవడం నేర్పింది. మడమ బెణికితే గుడ్డ చుట్టి ఆడాం, వేలు వాస్తే పక్కవేలికి కట్టి ఆడాం. అదే మగతనం అనుకున్నాం, అదే ఆట అనుకున్నాం. ఆగడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఇరవై ఏళ్ళవాడు ఆగకపోయినా వాడి శరీరం ఏదో ఒకలా సర్దుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ, చిరుగు పెద్దదయ్యేకొద్దీ కుట్టిన టెండన్ మళ్ళీ ఊడే ప్రమాదం పెరుగుతుంది. షుగరు, పొగతాగుడు ఉంటే ఇంకా ఎక్కువ. మా వయసువాళ్ళకి ఆపరేషన్ అంటే ఆ రెండు గంటలు కాదు, దాని తర్వాత ఏమీ చెయ్యకుండా గడపాల్సిన వారాలు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఉద్దానం బయట ఉన్నవాళ్ళకి ఇది వెంటనే తట్టకపోవచ్చు. మా పల్లెల్లో ఒంటినొప్పి అంటే మాత్ర. మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే ఇస్తారు. డైక్లోఫెనాక్ లాంటి ఆ నొప్పి మాత్రలు మూత్రపిండాలకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో పోయిన వీధులున్న ప్రాంతం ఇది. ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి తెరిచారంటేనే ఎంతమందిని పోగొట్టుకున్నామో అర్థం చేసుకోవచ్చు. అలాంటి నేల మీద పుట్టినవాడు భుజం కోసం నెలల తరబడి ఆ మాత్రలు మింగకూడదు. మొదటిసారి నేను మింగాను. రెండోసారి డాక్టరు కత్తి పట్టకముందే కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నాను, మాత్రలు ఎన్నాళ్ళు, ఏవి అని ముందే అడిగి రాయించుకున్నాను. మిగతాదంతా మంచు చూసుకుంది. బారువలో చేపల పెట్టెలకి వేసే ఐసు తెచ్చి, పగలగొట్టి, పాత తువ్వాల్లో మూటగట్టి భుజం మీద పావుగంట. మా ఇంట్లో ఆర్నెల్లు చేపల వాసన పోలేదు.

ఊడిన కుట్టుకి రెండో ఆపరేషన్ లాక్‌డౌన్ గొడవలన్నీ సర్దుకున్నాక, 2021 జనవరిలో. కంచిలిలో ఉన్నా సోంపేట స్టేషన్ అనే పిలిచే మా స్టేషన్‌లో చెయ్యి మెడకి కట్టుకుని దిగినప్పుడు నాకు ఒక సంకల్పం ఉంది. ఈసారి షాట్‌కి ఎంత తయారయ్యేవాణ్ణో ఆగడానికీ అంత తయారవుతాను. ఆరు వారాలు చెయ్యి కట్టులోనే ఉంది. వెల్లకిలా పడుకుంటే భుజం లాగేది కాబట్టి పడకకుర్చీలో, మోచేతి కింద దిండు పెట్టుకుని నిద్రపోయాను. రోజుకి మూడుసార్లు నడుము వంచి, చేతిని బావిలో చేదలా వదిలేసి, ఒంటిని ఊపితే అది దానంతటదే చిన్న సున్నాలు చుట్టేది. చూసేవాళ్ళకి అది వ్యాయామంలా ఉండదు. ఆ చేతిని మనంతట మనం కదపకుండా ఉండటమే అందులో కష్టమంతా.

ఆ తర్వాత గిలక. వరండా దూలానికి పాత బావి గిలక బిగించి, కొబ్బరితాడు వేసి, రెండు కొసలకీ కర్రముక్కలు కట్టాను. ఎడమచెయ్యి కిందికి లాగుతుంటే కుడిచెయ్యి పైకి లేస్తుంది. కుడిచెయ్యి కష్టపడకూడదు, ఊరికే మొయ్యబడాలి. పీచుతాడు గిలక మీద కిర్రుమంటూ జారుతుంటే కళ్ళు మూసుకుని కుడిచేతిని కర్రకి అప్పగించేసేవాణ్ణి. తొలి పదిహేను రోజులూ అది అప్పగించలేదు. భుజం బిగుసుకుని తనే లేవాలని చూసేది. ఒకరోజు మధ్యాహ్నం, ఎందుకో తెలియదు, వదిలింది. బరువంతా తాడు మీదకి వచ్చిన సంగతి ఎడమ అరచేతికి తెలిసింది. జిల్లా పోటీ గెలిచినంత సంతోషించాను.

ఫిజియోథెరపీకి కాశీబుగ్గ వెళ్ళేవాణ్ణి. అక్కడ నా పక్క కుర్చీలో ఒకామె, నలభై ఐదు ఉంటాయేమో, జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. 80 కిలోల పిక్కల బస్తాలు జరపడం, పొద్దస్తమానం మిషన్ దగ్గర ఒకే చెయ్యి ఆడించడం. నా జబ్బే ఆమెకీ. నేను ఆరు వారాల కట్టు గురించి చెప్తుంటే విని, "మీరు ఆటకి పాడుసేసుకున్నారు మేస్టారూ, నాకు పనికి పాడయింది. నాను ఆరు వారాలు సెయ్యి కట్టేసుకుంటే మా ఇంట్లో పొయ్యి ఎవులు ముట్టిస్తారు?" అంది. కోపంగా అనలేదు. మూడో వారంనుంచి ఆమె రాలేదు. ఆగడం గురించి నేను ఇంత రాస్తున్నాను గానీ, జీతం ఆగకుండా చెయ్యి ఆపుకోగలగడం నా గొప్ప కాదు, నా ఉద్యోగం ఇచ్చిన వసతి. కొబ్బరి దింపేవాళ్ళకీ, వల లాగేవాళ్ళకీ, పిక్క కొట్టేవాళ్ళకీ ఆపరేషన్ ఖర్చు ఏదో కార్డు మీద గడిచినా ఆ మూడు నెలల కూలి ఎవరిస్తారు? అది ఇచ్చే ఏర్పాటు లేకుండా భుజం కుట్టడం సగం వైద్యమే.

పుల్లెల గోపీచంద్ మోకాలికి మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లయ్యాక 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. సచిన్ 2006లో భుజానికి ఆపరేషన్ చేయించుకుని, 2010లో గ్వాలియర్‌లో వన్డే డబుల్ సెంచరీ కొట్టాడు. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఈ రెండు కథలూ చెప్పారు, మంచిమనసుతోనే. కానీ వాళ్ళకి పాతికలు, ముప్ఫైలు. ఒళ్ళు వాళ్ళ పక్షాన ఉంది. మా వయసువాళ్ళకి పనికొచ్చే కథ తిరిగి మునుపటిలా ఆడినవాడిది కాదు. అలాంటి కథ ఎదురుగా పెట్టుకునే నేను జూన్‌లో సర్వీస్ వేశాను.

ఎంత జాగ్రత్తగా ఉన్నా రెండో కుట్టూ పూర్తిగా నిలవలేదు. ఒకసారి ఊడిన టెండన్ పొట్టిదవుతుంది, దాని కండరంలో కొవ్వు చేరుతుంది, మళ్ళీ లాగి కుడితే మునుపటి పట్టు రాదు. గీత చెవి దగ్గర ఆగింది అందుకే. ఇప్పుడు పైకప్పు లేని ఇల్లులా ఉంది భుజం, ఎముక తల పైకి జరిగిపోయింది. డాక్టరు చెప్పింది కీలు మార్పిడి, అదీ తిరగేసి. గుంట ఉన్నచోట గుండు, గుండు ఉన్నచోట గుంట. ఫ్రాన్స్‌లో పాల్ గ్రామోన్ అనే సర్జన్ 1985లో ఆలోచించిన పద్ధతి. కఫ్ లేకపోయినా భుజం మీది పెద్ద కండరం ఒక్కటే చేతిని ఎత్తగలిగేలా కీలు లెక్కనే మార్చేశాడు ఆయన. లెక్కల మేస్టారిగా ఆ బొమ్మని చాలాసేపు చూశాను. మీట కింద ఆనిక ఎక్కడుండాలో మార్చడమే అది. "షాట్ కొట్టొచ్చా?" అని అడగలేదు. ఆయనే చెప్పాడు: "అన్నం కలుపుకోవచ్చు, తల దువ్వుకోవచ్చు, చొక్కా తొడుక్కోవచ్చు. పైనుంచి బంతి కొట్టకండి."

కాబట్టి ఈసారి ముందే తయారవుతున్నాను. ఎడమచేత్తో తినడం, పళ్ళు తోముకోవడం నెలరోజులనుంచి అలవాటు చేస్తున్నాను. పడకకుర్చీ బాగుచేయించాను. గిలకకి కొత్త తాడు వేశాను.

కోర్టుకి ఇప్పటికీ వెళ్తాను. సర్వీస్ కిందనుంచే వేస్తాను. బంతి మెల్లగా, ఎత్తుగా వెళ్ళి సరిగ్గా ఇద్దరు ఆటగాళ్ళ మధ్య పడుతుంది. అది నా ఒంటికి తెలిసిన కొత్త విద్య, దాని మీద నాకు మనసు పడింది. ఆటకి ముందు మా గుంటలందరి చేతా పాత సైకిల్ ట్యూబు కొబ్బరిచెట్టుకి కట్టించి, మోచెయ్యి పక్కకి ఆనించి, చేతిని బయటికి లాగే వ్యాయామం చేయిస్తున్నాను, భుజం వెనక కండరాల కోసం. పదహారేళ్ళవాడొకడు ఉన్నాడు, గాల్లో ఒక క్షణం ఆగినట్టుంటాడు. వాడు సాయంత్రానికి ఎన్ని షాట్లు కొడుతున్నాడో లెక్కపెట్టి, అరవై దాటగానే పిలిచేస్తాను. మూతి ముడుచుకుని వస్తాడు. ట్యూబు కట్టే చెట్టు తిత్లీ తర్వాత నాటింది.

సున్నం ఆరాక నిన్న గోడ దగ్గర నిలబడి చూశాను. వదిలిన పట్టీ నేననుకున్నదానికన్నా వెడల్పుగా ఉంది. రెండు వరుసల గీతలకి కుడివైపు ఇంకో జానెడు పాతగోడ ఖాళీగా ఉంది. కుర్రాడు పొరపాటున వదిలాడనుకున్నాను. మా ఆవిడే దగ్గరుండి వదిలించిందట.